తుర్సునాయ్‌కి చోటు

మా లోయలో ఎవరు పోయినా కబురు మోసుకొచ్చే గుర్రం ముందు నా గుడారం దగ్గరే ఆగేది. శోకాలు పెట్టడంలో జూరకాన్ తర్వాతే ఎవరైనా అనేవాళ్ళు. శవమున్న గుడారంలో మా ఆడవాళ్ళం గోడవైపు మొహం పెట్టి, నడుం మీద చేతులుంచుకుని కూచుని, పోయినవాళ్ళ మంచిని రాగం తీసి పాడతాం. బయట మగవాళ్ళు కర్రల మీద వాలి వింటారు. వాళ్ళ కళ్ళు తడపడం నా పని. అలా డెబ్భైమందికి పైగా ఏడ్చాను. అందులో ఎంతమందికి నిజంగా ఏడ్చానని మాత్రం అడక్కండి.

ఓర్మొన్ అని ఒకాయన ఉండేవాడు. ఇంటికొచ్చినవాళ్ళకి టీలో పాలచుక్క వెయ్యడానికి కూడా చెయ్యాడేది కాదు. ఆయన పోయిననాడు ‘నీ గుమ్మం దాటిన ఆకలి లేదు మామా’ అని పాడాను. బయట ఎవడో నవ్వాపుకోలేక దగ్గాడట. అయినా ఆయన కొడుకులు వెక్కి వెక్కి ఏడ్చారు. పెళ్ళాన్ని కొట్టి చంపినంత పనిచేసినవాణ్ణి పావురాయి అని పాడాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అబద్ధమాడటం చేతకాక ఆ వేసవిలో నేనంత పని చేశానని ఎవరూ అనుకోకూడదు.

అది జూన్ నెల. మందల్ని తోలుకుని మేత కొండ ఎక్కి పది రోజులైంది. ఉన్ని కోసం వచ్చిన లారీ మలుపులో ఆగి, అందులోంచి నా కూతురు తుర్సునాయ్ దిగింది. అంతకుముందు ఇద్దరు ఉయ్యాల్లోనే పోతే, ఇదైనా నిలబడాలని పెట్టుకున్న పేరది. ముప్ఫై ఒకటి నడుస్తోంది దానికి. చేతిలో ఒక్క సంచి ఉంది. మొహం ఉబ్బి, కళ్ళు గీతల్లా అయిపోయాయి.

“ఏంటే, ఒక్కదానివే వచ్చావు? మీ ఆయనేడీ?”

“సిలువ తీసేస్తేనే ఇంట్లో ఉండమన్నాడమ్మా. మెడలో ఏ సిలువా లేందే ఏం తీసెయ్యను?” అంటూ నవ్వింది. “లోపలుందన్నాను. అయితే లోపలున్నదాన్నీ, నిన్నూ కలిపి తీసుకుపొమ్మన్నాడు.”

దాని సంగతి నాకు చూచాయగా తెలుసు. పట్నంలో దానికి కుట్టుపని నేర్పిన ఎర్నా అనే జర్మన్ ముసలమ్మ ఇంట్లో ఆదివారం ఆదివారం పదిమంది కూడి ఈసా మసీహ్, అదే ఏసుక్రీస్తు, పాటలు పాడుకుంటారట. ఒకరోజు ఏట్లో మునిగి బాప్తిస్మం కూడా తీసుకుంది. పిల్లలు లేని బెంగ, ఏదో కాలక్షేపం అనుకుని ఊరుకున్నాను. ఈ వాపు సంగతే నాకు తెలీదు. రెండు మూత్రపిండాలూ ఎండిపోయాయట. వారానికి మూడుసార్లు రాజధానిలో యంత్రం మీద పడుకోబెడితే బతుకుతుందట. అది మా వల్ల అయ్యే పని కాదని ఆస్పత్రివాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

“ఎన్నాళ్ళన్నారు?”

“మీ అమ్మ దగ్గరికి పో అన్నారు. దానర్థం నీకు తెలీదా?”

దాన్ని లోపలికి తీసుకెళ్ళి పరుపుల దొంతరకి ఆనించి కూచోబెట్టాను. టీ కలుపుతుంటే పాలన్నీ ఒలికిపోయాయి. “ఓర్మొన్ మామ ఇంట్లో ఇన్ని పాలు ఏడాదికీ ఒలికేవి కాదు” అని అది మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. చెప్పకేం, భయమూ వేసింది.

*

నా మరిది జుమాకదిర్ మా ఊరి ముల్లా. చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అందుకే ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలీక చచ్చాను. నా మొగుడు పోయాక పన్నెండేళ్ళు మా ఇంటి గడ్డి కోసి పెట్టింది ఆయనే. తుర్సునాయ్‌ని భుజాల మీద మోసి తిప్పినవాడు.

జూలై మొదట్లో పెళ్ళాం సాబిరాని వెంటబెట్టుకుని గుర్రం మీద పైకొచ్చాడు. గొర్రె తోక కొవ్వుతో వండిన పులుసు తెచ్చారు. దానికది పడదని వాళ్ళకి తెలీదు. పిల్ల మర్యాదకి రెండు చెంచాలు మింగి, వెనక్కెళ్ళి కక్కుకొచ్చింది.

“చూడమ్మా,” అన్నాడు జుమాకదిర్, గడ్డం సవరించుకుంటూ. “నేను నీతో వాదం పెట్టుకోను. నీ లోపల ఏముందో నీకూ, పైవాడికీ తెలుసు. నాకు ఒక్కటే కావాలి. అల్లా తప్ప దేవుడు లేడని కలిమా ఒక్కసారి నోటితో అను. నేనూ, మీ పిన్నీ సాక్షులం. ఇద్దరు చాలు. తర్వాత ఊరందరికీ నేను చెప్పుకుంటాను.”

“ఎందుకు చిన్నాన్నా ఇంత తొందర?”

ఆయన నావైపు చూశాడు. చెప్పలేక నేలవైపు చూశాడు. సాబిరానే అనేసింది. “ఎందుకేంటే పిచ్చిమొహమా! రేపు నిన్నెక్కడ పెట్టాలి? ఊరి గోరీల దిబ్బ మీద మీ నాన్న కాళ్ళ దగ్గర నీకు చోటుంది. పక్కన మీ అమ్మకుంది. ఆ మాట అనకపోతే పెద్దలు గోరీల కంచె దాటనివ్వరు. పోయినేడు పక్క లోయలో ఒకాయన శవాన్ని మట్టి దొరక్క మూడు రోజులు తిప్పారు, తెలుసా?”

ఆ మూడు రోజుల సంగతి నాకు తెలుసు. ఎండాకాలం అది. అప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

తుర్సునాయ్ ఆయన చెయ్యి పట్టుకుంది. “చిన్నాన్నా, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి పాడటం మా ఇంట్లో అమ్మ విద్య. నాకు అబ్బలేదు.”

సాబిరా కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. జుమాకదిర్ మాత్రం నవ్వలేదు. “నిన్ను ఎత్తుకున్న భుజం ఇదే తల్లీ. ఈ భుజంతోనే నిన్ను మోసుకెళ్ళాలని అడుగుతున్నాను. వేరే ఏమీ అడగట్లేదు” అన్నాడు.

“తెలుసు చిన్నాన్నా.”

“అయితే అను.”

అది తల అడ్డంగా ఊపింది. ఆయన ఇక చాలన్నట్టు తన టీ గిన్నె మీద అరచెయ్యి మూసి లేచిపోయాడు.

వాళ్ళు మలుపు తిరగ్గానే నేను దాని మీద పడ్డాను. ఏమేమి తిట్టానో చెప్పలేను. కన్నకూతుర్ని, రోగిష్టిదాన్ని, భుజాలు పట్టుకుని కుదిపేశాను. “ఒక్క మాటే! నోటి మాట! గాలి! దానికోసం నిన్ను కుక్కల పాలు చెయ్యమంటావా? మొగుడు తరిమాడు, కడుపు పండలేదు, ఒళ్ళు కుళ్ళిపోతోంది. ఏం చూసుకుని నవ్వుతున్నావే నువ్వు? ఏం మిగిలిందని?”

అది ఏడ్చింది. అది ఏడవడం అప్పుడే చూశాను. “భయంగానే ఉందమ్మా. నాకు భయం లేదనుకోకు. రాత్రంతా ఊపిరాడక కూచుంటే చచ్చేంత భయం.”

“మరి?”

బయట సాయంత్రం పాలకి ఆడగుర్రాలు వచ్చి నిలబడ్డాయి. అది అటే చూస్తూ చెప్పింది. “నువ్వు గుర్రాన్ని ఎంత పిండినా పాలిస్తుందా? పిల్లని తెచ్చి పక్కన నిలబెడితే చేపుతుంది కదా. నా సంతోషమూ అంతే. నేను పిండితే వచ్చేది కాదు. ఆయన పక్కకొచ్చి నిలబడతాడు. అది చేపుతుంది. భయమూ ఉంటుంది, నొప్పీ ఉంటుంది. వాటి మధ్యలోంచే వస్తుంది. ఒక్కరోజు కూడా మానలేదమ్మా. ఎలా కాదనను?”

నాకేం అర్థం కాలేదు. పాలచెంబు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను. గుర్రం మెడ పట్టుకుని, పైవాడు ఏ పేరుతో ఉన్నా సరే వినబడేట్టు తిట్టాను.

*

జూలై అంతా అలాగే గడిచింది. కాళ్ళ వాపు తొడల దాకా ఎక్కింది. నేను మాత్రం లోపల ఒక నిర్ణయానికి వచ్చేశాను. అది అనకపోతే పోయింది, అన్నదని నేను చెబుతాను. ఆఖరి ఊపిరిలో అన్నదని, నా చెవులారా విన్నానని. తల్లి మాటని కాదనే మగాడు మా లోయలో లేడు. ఇంకా దాని ప్రాణం పోకముందే, పాలు పితుకుతూ, పెరుగుండలు చేసి ఎండబెడుతూ, ఆ శోకం కట్టుకున్నాను. ‘పెదవి కదిలింది నా బంగారు, పెద్దల మాటే పలికింది’ అని మంచి పాదం ఒకటి కుదిరింది. నేను కట్టినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. కుదిరినందుకు సంతోషపడ్డాను కూడా, ఏం మనిషినో చూడండి.

అది కనిపెట్టేసింది. ఒకరోజు జడ వేస్తుంటే అడిగింది. “అమ్మా, నేను పోయాక అన్నానని చెబుతావు కదూ?”

నా చేతులు ఆగిపోయాయి.

“చెప్పు, ఫర్లేదు. నేనేమీ అనుకోను. నన్ను ఎక్కడ పెట్టినా నాకొకటే. ఊళ్ళో బతకాల్సినదానివి నువ్వు. ఆయనా నీ మీద కోప్పడడులే.”

“ఎవరూ?”

“ఈసా.”

“నీ ఈసాకి నాతో ఏం పని?” అన్నాను. జడ అంత గట్టిగా లాగానేమో, “అబ్బా” అంది.

ఆగస్టు పదో తారీకున మిట్టమధ్యాహ్నం, ఆరోజుకి మూడోసారి గుర్రాల పాలు పితుకుతుండగా పిలిచింది. గుడారం పైకప్పు తీసి ఉంది, ఎండ దాని ఒళ్ళోకే పడుతోంది. తల నా తొడ మీద పెట్టుకుంది. ఊపిరి తీస్తే నీళ్ళ చప్పుడు. “ఈసా” అంది. కాసేపాగి మళ్ళీ, “ఈసా, వచ్చావా” అంది, చుట్టం వస్తే అన్నట్టు. ఆ తర్వాత నా చేతిలో దాని చెయ్యి బరువెక్కింది. బయట పాలకోసం కట్టేసిన గుర్రప్పిల్ల సకిలిస్తూనే ఉంది. దాన్ని విప్పేవాళ్ళు లేరు.

*

పొద్దు వాలేలోగా ఊరంతా కొండ ఎక్కింది. గుడారం కనబడగానే మగవాళ్ళు గుర్రాలు దౌడు తీయిస్తూ, “నా బిడ్డో, నా బిడ్డో” అని ఏడుస్తూ రావాలి. అది మా పద్ధతి. ఆరోజు ఎవరూ ఏడవలేదు. నడిపించుకుంటూ వచ్చారు. దూరంగా గుర్రాలు దిగి, కర్రల మీద వాలి నిలబడ్డారు. ఏడవాలో వద్దో నేను చెబితే తెలుస్తుందన్నట్టు చూస్తున్నారు. ఆడవాళ్ళు లోపలికొచ్చి నా పక్కన కూచున్నారు, గోడవైపు తిరక్కుండానే.

జుమాకదిర్ గుమ్మంలో తెర పట్టుకుని నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“వదినా,” అన్నాడు, బయటివాళ్ళకి వినబడేట్టు గట్టిగా. “ఆఖరి క్షణంలో నువ్వు పక్కనే ఉన్నావు. పిల్ల ఏదో అన్నది. విన్నావు కదా?” తర్వాత చిన్న గొంతుతో, “విన్నానని చెప్పు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను. గుంట తవ్వేవాళ్ళని పంపించి వచ్చాను” అన్నాడు.

నేను గోడవైపు తిరిగాను. నడుం మీద చేతులుంచుకున్నాను. నా పక్కన సాబిరా కూడా తిరిగింది, మిగతావాళ్ళూ తిరిగారు. రాగం అందుకున్నాను. గొంతు బాగా పలికింది. దాని పుట్టుక, దాని నడక, దాని కుట్టు, దాని చేతి రొట్టె అన్నీ పాడాను. అవన్నీ నిజాలే. బయట ఒకరిద్దరు ముక్కు చీదడం వినబడింది. ఇక ఆ పాదం రావాలి. నాలిక మీదే ఉంది.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

దుఃఖంతో గొంతు పూడిపోవడం నాకు తెలుసు. ఇది అది కాదు. పక్కన ఎవరో వచ్చి కూచున్నట్టనిపించింది, అంతే. వాళ్ళ ముందు ఆ మాట అనబుద్ధి కాలేదు. ఆపేశాను. రాగం లేకుండా, మామూలు గొంతుతో, ఉప్పు అందుకోమన్నట్టు చెప్పాను:

“ఈసాని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. వచ్చావా అంది. ఇంకేం అనలేదు.”

“వదినా, దుఃఖంలో ఉన్నావు. సరిగ్గా విని ఉండవు.”

“చెవులు బానే ఉన్నాయి మరిదీ.”

తెర జారిపోయింది. కొంచెంసేపటికి రికాబుల చప్పుడు. ఒక గుర్రం, తర్వాత ఇంకోటి, తర్వాత అన్నీ. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. సాబిరా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, తన తలగుడ్డ విప్పి తుర్సునాయ్ కాళ్ళమీద కప్పి వెళ్ళిపోయింది.

అందరూ పోయాక నాకొచ్చిన ఆలోచన ఇది: ఏం చేశావే ముసలిదానా! నీ కూతుర్ని కుక్కలకి వేశావు.

*

లారీవాడు కబురు చేరవేస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఎర్నా వచ్చింది. ఆమెకి డెబ్భై ఆరు. పాత జీపులో ఇద్దరు మగవాళ్ళని ఎక్కించుకుని, ముందు సీట్లో పార పట్టుకుని కూచుని వచ్చింది. పిల్లని ఊరి మీదుగా తీసుకెళ్ళడానికి పెద్దలు ఒప్పుకోలేదు. చుట్టూ తిరిగి మా చలికాలపు గొర్రెల దొడ్డి పైన, నా సొంత చెలకలో ఆగాం. అంతా రాయి నేల.

మాలో ఆడది గోరీ దగ్గరికి వెళ్ళకూడదు. అంతమందికి శోకం పెట్టాను, ఒక్క గుంటనీ చూసినదాన్ని కాదు. ఎంత లోతుంటుందో తెలీదు. ఆ రోజు నా బిడ్డకి నేనే తవ్వాను. గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తున్నాయి, మట్టి లేవట్లేదు.

“ఇటియ్యి,” అంది ఎర్నా. “నువ్విలా గోకుతుంటే మంచు పడేదాకా ఇక్కడే ఉంటాం.”

“నీ పుణ్యమే ఇదంతా!” అన్నాను. నిన్నట్నుంచీ దాచుకున్నది బయటపడింది. “నీ పాటలు, నీ ఆదివారాలు. నా బిడ్డకి మట్టి లేకుండా చేశావు.”

ఆమె గునపం తీసుకుని ఒక రాయి పెకిలించింది. కాసేపటికి ఊపిరి పీల్చుకుని, “యుద్ధమప్పుడు జర్మన్లందర్నీ రైళ్ళెక్కించి తోలేస్తుంటే, దారిలో మా అమ్మని పట్టాల పక్కన పెట్టాం. నాకప్పుడు ఏడేళ్ళు. ఎక్కడో కూడా తెలీదు. గుంట తవ్వేదాకా రైలు ఆగలేదు” అంది. మళ్ళీ తవ్వడం మొదలెట్టింది. నేనూ తవ్వాను.

పిల్లని అందుకోవడానికి నేనే గుంటలోకి దిగాను. పైనుంచి ముగ్గురూ మెల్లగా దించారు. ఉబ్బిన ఒళ్ళు, ఎంత బరువో! మట్టి చల్లగా ఉంది. పైన వాళ్ళు పాట అందుకున్నారు. నాకు ఆ పాట రాదు, నా పాటా రాలేదు. జన్మలో మొదటిసారి ఏమీ కట్టకుండా మాట్లాడాను. “ఈసా, నా దగ్గర ఇంకేం లేదు. దీన్ని నువ్వే చూసుకో. నన్నూ చూసుకో” అన్నాను. జవాబేమీ రాలేదు. వాళ్ళు నన్ను చంకల కింద పట్టుకుని పైకి లాగారు.

*

ఏడో రోజు పిండి పిసికి, కొవ్వు కాచి, రొట్టె ముక్కలు వేయించాను. ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుందని మా నమ్మకం. అది తినడానికి ఊరు రావాలి. గుడ్డ పరిచి, గుట్టగా పోసి కూచున్నాను. కింది గుడారాల పొగ కనబడుతోంది, ఎవరూ రావట్లేదు. నీళ్ళ దగ్గర నేను వస్తే ఆడవాళ్ళు బకెట్లు ఎత్తుకుని పోతున్నారు. నా గొర్రెల్ని కాసేవాడు మానేశాడు. ఇలా ఎన్నేళ్ళు బతకాలో అని గుండె రాయైపోయింది. చచ్చిపోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పుడు కదిలింది. గుండెలో కాదు, ఇంకా కింద. కడుపులో పిల్ల నాలుగో నెలలో మొదటిసారి కదిలితే, ఊరికే పొరపడ్డానేమో అని ఊపిరి బిగబట్టి చూస్తాం, అలా. కదల్లేదేమో అనుకున్నాను. మళ్ళీ కదిలింది. ‘ఈసా’ అన్నాను మెల్లగా. సంతోషం! నా బిడ్డ పోయి ఏడు రోజులు, నా ముందు తినేవాళ్ళు లేని రొట్టెలు, నాకు సంతోషం. సిగ్గుతో చచ్చిపోయాను. తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాను, దొంగిలించిన సొమ్ము దాచుకున్నట్టు. దాచితే పోతుందనుకున్నాను. పోలేదు. ఏడ్చాను, ఏడుస్తున్నా ఉంది. నా బిడ్డ దేని గురించి చెప్పిందో అప్పుడర్థమైంది. అర్థమైందని చెప్పుకోవడానికి అది లేదు. ఆ ఏడుపు ఇప్పటికీ తీరలేదు.

సెప్టెంబరు ఆఖర్న అందరూ మందలు దించుకుపోయారు. మా ఇళ్ళన్నీ కలిసి దిగుతాయెప్పుడూ. ఆ ఏడు నేను రెండు రోజుల తర్వాత ఒక్కదాన్నే దిగాను. దొడ్డి దగ్గర ఆగి, నక్కలు తవ్వకుండా గోరీ మీద రాళ్ళు పేరుస్తుంటే జుమాకదిర్ వచ్చాడు. గుర్రం దిగాడు. గోరీకి పది బారల దూరంలో ఆగిపోయాడు.

“చిక్కిపోయావు వదినా.”

“నువ్వూ బాలేవు.”

“పెద్దలు నన్ను అడగమన్నారు,” అన్నాడు, కొరడాతో బూటు కొట్టుకుంటూ. “నీ సంగతి. తల్లివి, ప్రేమకొద్దీ అన్నావు, అంతే కదా అన్నారు. నువ్వు మాతోనే ఉన్నావని చెబితే చాలు, నీళ్ళ దగ్గరా మాట్లాడతారు, గొర్రెలూ కాస్తారు. అన్న పక్కన నీ చోటు నీకుంటుంది. ఏం చెప్పమంటావు?”

నా మొగుడు మంచివాడు. ఇరవై ఆరేళ్ళు ఆయన పక్కన పడుకున్నాను. మట్టిలో కూడా ఆ పక్కే అనుకుని బతికాను. చేతిలోని రాయిని గోరీ మీద పెట్టాను.

“ఆ చోటు సాబిరాకివ్వు. చలికి ఓర్చుకోలేదు, అక్కడ గాలి తక్కువ” అన్నాను. “నాకిక్కడ చాలు. దీని పక్కన.”

“ఇక్కడ ఎవరు మోసుకొస్తారు నిన్ను?”

“తెలీదు మరిదీ.”

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం వచ్చిందనుకున్నాను, కాదు. నదికి అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళని పోల్చుకోవడానికి చూస్తామే, అలా చూశాడు. “ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా వదినా?” అన్నాడు.

“రెండూను,” అన్నాను. “నాకూ సిగ్గుగానే ఉంది.”

ఆయన గుర్రమెక్కాడు. వెంటనే వెళ్ళలేదు. నేను నాలుగు రాళ్ళు పేర్చేదాకా అక్కడే, ఆ పది బారల దూరంలోనే, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు.